కొండెక్కే పడవలు: ఫ్రాన్స్ కాలువల ప్రయాణం వెనక నీటి లెక్క

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రెండు జతల తలుపులు, మధ్యలో రాతి తొట్టి లాంటి గది, గట్టు మీద లాకు నడిపే లస్కరు. పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. పై తలుపుల తూములు ఎత్తితే గది నిండుతుంది, నీళ్లతోపాటు పడవా లేస్తుంది. మా చిన్నప్పటికే ఆ లాకుల్లో పడవల రాకపోకలు బాగా తగ్గిపోయాయి. మేం వాటి గోడల మీద కూచుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. అందుకే ఫ్రాన్స్‌లో జనం వారాల తరబడి పడవల మీద కాలువల వెంట తిరుగుతారని మొదటిసారి చదివినప్పుడు, మన ధవళేశ్వరం కాలువల్లాంటివేగా అనుకున్నాను. కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆ తేడా తెలిశాక మాత్రం, ఈ ప్రయాణాల గురించి నాకు అర్థంకాని చిక్కులన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి.

మన డెల్టా కాలువకు నీళ్లు పైనుంచి వస్తాయి. కాటన్ 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట దగ్గర నది నీళ్లు కాలువలోకి మళ్లుతాయి. అక్కణ్ణుంచి పల్లానికి పారుతూ పొలాలు తడుపుతాయి, దారిలో పడవల్నీ మోస్తాయి. ఫ్రాన్స్ కాలువలు ప్రధానంగా పొలాల కోసం తవ్వినవి కావు. ఒక నది లోయలోంచి పడవను పైకెత్తి, మధ్యలో అడ్డున్న కొండ దాటించి, అవతలి నదిలోకి దించడమే వాటిలో చాలావాటి పని. ఇటు మెట్లెక్కాలి, అటు మెట్లు దిగాలి. మెట్టుకో లాకు. సరే, బాగానే ఉంది. మరి కొండ నెత్తిన ఉన్న ఆ కాలువ ముక్కకు నీళ్లెక్కడివి?

ఈ ప్రశ్నను పట్టుకుంటే చాలు. ఏ కాలువలో ఎంత పడవ పడుతుంది, ఏ నెలలో వెళ్లాలి, ఒక్కోసారి దారి మధ్యలో ఎందుకు ఆపేస్తారు అన్నవన్నీ దానికి వేలాడుతూ వచ్చేస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. బర్గండీ కాలువ పొడవు 242 కిలోమీటర్లు, లాకులు 189. యోన్ నది వైపు నుంచి 113 లాకులెక్కి, సముద్రమట్టానికి 378 మీటర్ల ఎత్తున శిఖరం, అంటే కొండ నెత్తినున్న ఆ కాలువ ముక్క, దాటి, సోన్ నది వైపు 76 లాకులు దిగాలి. ఒక్కో లాకు సుమారు 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు, సగటున రెండున్నర మీటర్ల ఎత్తు తేడా. అంటే లాకు ఒకసారి నిండితే దాదాపు 5 లక్షల లీటర్లు. ఎక్కే పడవ కోసం ఆఖరి లాకు నింపాలంటే ఆ నీళ్లు శిఖరం నుంచే రావాలి. అదే పడవ అవతలికి దిగడానికి ఇంకో లాకు నిండాలి, అవీ శిఖరం నీళ్లే. ఒక్క పడవ కొండ దాటితే పది లక్షల లీటర్లు రెండు వైపులకూ జారిపోయినట్టు. మన ఊళ్లలో తిరిగే 12 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే ఎనభైకి పైనే. పడవ పెద్దదా చిన్నదా అన్న తేడా ఇక్కడ పెద్దగా లేదు. నలుగురు కుర్రాళ్లు సరదాగా నడుపుకుంటూ వచ్చిన చిన్న పడవా అంతే తాగుతుంది, 250 టన్నుల గోధుమలు మోసే పడవా అంతే తాగుతుంది.

అందుకే లాకు దగ్గర, ఎదురుగా దారంతా ఖాళీగా ఉన్నా, "కాసేపు ఆగండి, ఇంకో పడవ వస్తోంది" అంటారు. కొత్తవాళ్లకు విసుగొస్తుంది. కానీ ఇద్దరూ ఒకే గదిలో ఎక్కితే ఖర్చు సగం. ఒకరు ఎక్కాక గది నిండే ఉంటుంది కాబట్టి, దిగేవాడు అప్పుడే వస్తే వాడికి వేరే నీళ్లు అక్కర్లేదు. లాకు మనిషి బద్ధకిస్తున్నాడని మనం అనుకునే చాలా సందర్భాల్లో అతను శిఖరం నీళ్లను కాపాడుతున్నాడన్నమాట.

కొండ మీద నీళ్ల సంగతిని ఫ్రెంచివాళ్లు తొలిసారి పెద్ద ఎత్తున తేల్చుకున్నది బ్రియార్ కాలువలో. లువార్ నదినీ సేన్ నదినీ కలపడానికి నాలుగో హెన్రీ కాలంలో, 1604లో పని మొదలైంది. రాజు హత్యకు గురయ్యాక ఆగిపోయి, చివరికి 1642లో పూర్తయింది. యూరప్‌లో శిఖరం దాటే కాలువల్లో ఇది తొలితరం. రోన్యీ ఊళ్లో ఏడు లాకులు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉంటాయి. ఇప్పుడవి వాడుకలో లేవు, పక్కనే కొత్త లాకులు కట్టారు. పాతవాటిని చూస్తే మాత్రం కాలువ కొండెక్కడమంటే ఏమిటో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అయితే ఈ కథలో అసలు మొండివాడు పియర్ పాల్ రికె. ఇతను ఇంజినీరు కాదు. దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతంలో ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. అట్లాంటిక్ వైపు పారే గరోన్ నదినీ మధ్యధరా సముద్రాన్నీ కలపాలన్నది అప్పటికే పాత కల. స్పెయిన్ చుట్టూ తిరిగి వెళ్లే బాధ తప్పుతుంది. కానీ మధ్యలో నొరూజ్ దగ్గర 189 మీటర్ల ఎత్తున గట్టు ఉంది, అక్కడ చెప్పుకోదగ్గ నీళ్లు లేవు. అందరూ అక్కడే ఆగిపోయారు. రికె ఆలోచన ఏమిటంటే, కాలువకు దూరంగా ఉన్న మొంతాన్ నువార్ కొండల వాగుల్ని పట్టి, పిల్ల కాలువల్లో వాటంగా నడిపించి నొరూజ్‌కు తేవడం. వర్షాకాలం నీళ్లు దాచడానికి సాన్ ఫెరెయోల్ దగ్గర పెద్ద ఆనకట్ట. మనవాళ్లకు గొలుసుకట్టు చెరువుల సంగతి తెలుసు కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదేమో. కానీ చెరువు నీళ్లతో పంట పండించడం వేరు, పడవను కొండ దాటించడం వేరు. 1666లో పద్నాలుగో లూయీ అనుమతి ఇచ్చాడు. ఉధృతంగా సాగిన రోజుల్లో సుమారు 12 వేలమంది పనిచేశారు, వాళ్లలో ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. రికె తన సొంత ఆస్తీ కుమ్మరించి అప్పులపాలయ్యాడు. 1680 అక్టోబరులో చనిపోయాడు. కాలువ తెరిచింది 1681 మేలో. ఇంకో ఏడు నెలలు బతికి ఉంటే చూసేవాడు.

ఆ 240 కిలోమీటర్ల మిది కాలువ ఇప్పటికీ నడుస్తోంది, నొరూజ్‌కు నీళ్లు ఇప్పటికీ ఆ కొండల నుంచే వస్తున్నాయి. దాని లాకులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట తిన్నటి గోడలతో కట్టిన ఒక లాకు మట్టి ఒత్తిడికి కూలింది. ఆ తర్వాత గోడల్ని కమానులా వంచి కట్టారు. అందంగా ఉన్నాయని ఫొటోలు తీసుకుంటారు గానీ, ఆ వంపు వెనక ఉన్నది భయమే.

ఇక పడవ కొలతల సంగతి. ఫ్రాన్స్ పటం మీద నౌకాయోగ్యమైన దారులు సుమారు 8,500 కిలోమీటర్లని చదివి, ఒక పడవ కొనుక్కుంటే దేశమంతా తిరగొచ్చు అనుకుంటారు. తిరగలేరు. ఒక్కో కాలువను ఒక్కో రాజు, ఒక్కో కంపెనీ, ఒక్కో కాలంలో తవ్వించారు. లాకు గదులు తలో సైజు. ఈ గందరగోళాన్ని సరిచేయడానికి ప్రజా పనుల మంత్రి షార్ల్ ద ఫ్రెసినె 1879లో చట్టం తెచ్చాడు. ప్రధాన కాలువల లాకులన్నీ 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు ఉండాలన్నాడు. దానికి సరిపోయేలా తయారైనదే పెనీష్ అనే సరుకు పడవ. పొడవు 38.5 మీటర్లు, వెడల్పు 5.05. లెక్క చూడండి, లాకులోకి వెళ్లినప్పుడు అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఖాళీ. అలాంటి గదిలోకి మూడొందల టన్నులున్న దాన్ని గోడ తగలకుండా దూర్చేవాళ్లను సరంగులనాలో, సూదిలో దారం ఎక్కించేవాళ్లనాలో.

చట్టం వచ్చినా అన్ని కాలువలూ మారలేదు. మిది కాలువను 1858లో ఒక రైల్వే కంపెనీకి నలభై ఏళ్లకు లీజుకిచ్చారు. రైలు పక్కనే పోటీగా ఉన్న కాలువను రైలువాళ్ల చేతికే ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పడవల సరుకు రైలెక్కింది, కాలువ మీద ఖర్చు పెట్టేవాళ్లు లేకపోయారు. తర్వాత కాలంలో రెండు చివర్లూ కొంత పొడిగించారు గానీ, నడిమి భాగంలో ఇప్పటికీ 30 మీటర్ల లాకులే. అందుకని ప్రామాణిక పెనీష్ ఒకటి అట్లాంటిక్ వైపు నుంచి మధ్యధరా దాకా ఆ దారిన వెళ్లలేదు. ఆ నిర్లక్ష్యమే ఇవాళ దానికి వరమైంది. మార్చకుండా వదిలేశారు కాబట్టి పదిహేడో శతాబ్దం చెక్కుచెదరకుండా మిగిలింది, 1996లో యునెస్కో జాబితాకెక్కింది.

పొడవు, వెడల్పు తర్వాత ఎత్తు. పాత రాతి వంతెనల కింద కొన్ని చోట్ల 3 మీటర్లే ఉంటుంది, పైగా కమాను కాబట్టి పక్కలకు ఇంకా తక్కువ. హాలండ్‌లో ముచ్చటపడి కొన్న పాత పడవ చుక్కాని గది పట్టక ఆగిపోయిన కథలు కాలువల మీద కొల్లలు. అందుకే చాలా పడవల్లో ఆ గదిని మడిచి పెట్టేలా చేస్తారు. ఇక లోతు. కాగితం మీద రెండు మీటర్లు పైనున్నా, పూడిక పేరుకున్నచోట అంత దొరకదు.

ఈ పడవల మీద ఒక జాతి బతికింది. మొదట్లో పడవను గట్టు మీద నుంచి మనుషులే తాడేసి లాగేవాళ్లు. భర్త చుక్కాని పడితే భార్య, పిల్లలు ఛాతీకి పట్టీ కట్టుకుని లాగిన ఫొటోలున్నాయి. మన కాలువ గట్ల మీద తాడు భుజానికేసుకుని వంగి నడిచినవాళ్ల భంగిమే అది. తర్వాత గుర్రాలు, ఉత్తరాన గట్టు మీద పట్టాల వెంట నడిచే కరెంటు ఇంజన్లు, ఆపైన మోటారు పడవలు. సరుకును వంతులవారీగా పంచే పద్ధతి ఉండేది. పడవవాళ్లు ఒక కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని తమ వంతు వచ్చినప్పుడు బోర్డు మీద రాసిన సరుకుల్లోంచి ఒకటి ఎంచుకునేవాళ్లు. యూరోపియన్ యూనియన్ నిబంధనతో అది 2000 సంవత్సరంతో పోయింది. ఇవాళ పెద్ద సరుకంతా సేన్, రోన్, రైన్ లాంటి పెద్ద నదుల మీదే ఉంది. చిన్న కాలువలు చాలావరకు విహారానికి మిగిలాయి. పారిస్ దగ్గర కాన్‌ఫ్లాన్ రేవులో పాత పెనీష్‌లు ఇళ్లుగా వరుసకట్టి ఉంటాయి, ఒకటి ఏకంగా చర్చి.

ఇప్పుడు మనలాంటివాళ్లు వెళ్లాలంటే ఎలా అన్నది చూద్దాం. సులువైంది అద్దె పడవ. లైసెన్సు అక్కర్లేదు, కంపెనీవాళ్లే కాస్త శిక్షణ ఇచ్చి తాత్కాలిక కార్డు చేతిలో పెడతారు. స్టీరింగు తిప్పాక పడవ తిరగడానికి రెండు మూడు సెకన్లు ఆలోచించుకుంటుంది, బ్రేకు ఉండదు, రివర్సే బ్రేకు. మొదటి పూట అందరూ పాములా వంకర్లు పోతారు. లోపల వంటగది ఉంటుంది కాబట్టి పచ్చడి సీసా, కందిపప్పు పట్టుకెళ్తే ఏ దిగులూ లేదు. వంటవాడితో సహా అన్నీ వాళ్లే చూసుకునే హోటల్ పడవలు రెండో రకం. పాత సరుకు పెనీష్‌లనే గదులుగా మార్చినవి చాలా ఉన్నాయి, ధరలూ దానికి తగ్గట్టే ఉంటాయి. సొంత పడవ కొనడం మూడోది. దానికి లోపలి జలమార్గాల లైసెన్సు ఉండాలి. పడవ 20 మీటర్లు దాటితే వేరే లైసెన్సు. కాలువలు, నదులు కలిపి జలమార్గాల్లో ఎక్కువభాగం, సుమారు 6,700 కిలోమీటర్లు, వీఎన్ఎఫ్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి, దానికి పడవ కొలతను బట్టి రుసుము కట్టాలి. నా సలహా అడిగితే, ముందు రెండు వేసవులు అద్దెకు తీసుకున్నాకే కొనుగోలు మాటెత్తాలి.

లాకులో ప్రమాదం తెచ్చే తప్పులు ముఖ్యంగా రెండు. దిగేటప్పుడు మోకును కొక్కేనికి గట్టిగా ముడేయడం మొదటిది. నీళ్లు కిందికి పోతాయి, పడవ తాడుకు వేలాడుతుంది. ముడి వేయకుండా ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకుని వదులుతూ పోవాలి. రెండోది, పడవను బాగా వెనక్కి జరిపి నిలపడం. పై తలుపుల కింద రాతి గడప ఒకటి నీళ్లలో కనపడకుండా ఉంటుంది. దిగుతున్నప్పుడు పడవ వెనక భాగం దాని మీద చిక్కుకుంటే ముందు భాగం కిందికి దిగిపోయి పడవ మునుగుతుంది కూడా. గోడ మీద గీత గీసి ఉంటుంది, దానికి ముందే ఉండాలి. ఎక్కేటప్పుడు గడప భయం లేదు గానీ నీళ్లు సుడులు తిరుగుతూ వస్తాయి. లైట్లు తేలిక: ఎరుపుంటే ఆగాలి, ఎరుపూ పచ్చా కలిసి ఉంటే లాకు తయారవుతోంది, పచ్చ వస్తే వెళ్లొచ్చు. ఒకదాని మీద ఒకటి రెండు ఎరుపులుంటే లాకు పనిచేయడం లేదని. చాలాచోట్ల నీళ్ల మీద వేలాడే కర్ర తిప్పితేనో, రిమోటు నొక్కితేనో లాకు దానంతటదే నడుస్తుంది. నివెర్నె కాలువ లాంటి చోట్ల ఇంకా చేత్తో తిప్పే తలుపులున్నాయి. వేసవిలో కాలేజీ పిల్లలు ఆ ఉద్యోగం చేస్తుంటారు. మనం ఒడ్డెక్కి ఒక పక్క తలుపు తిప్పి సాయం చేస్తే సంతోషిస్తారు. మధ్యాహ్నం పన్నెండయిందా, చాలాచోట్ల భోజనాల వేళ అని లాకు మూస్తారు. ఫ్రాన్స్‌లో అన్నం వేళతో పేచీ పెట్టుకోకూడదు.

టైము లెక్క చాలామంది తప్పేది ఇక్కడే. కాలువల్లో వేగం గంటకు 6 నుంచి 8 కిలోమీటర్లు. బర్గండీ కాలువ 242 కిలోమీటర్లను ఆరుతో భాగిస్తే నలభై గంటలు. 189 లాకులకు లాకుకో పావుగంట వేసుకుంటే ఇంకో నలభై ఏడు. అంటే నడిచే సమయం కన్నా ఆగే సమయమే ఎక్కువ. రోజుకు ఆరేడు గంటలు పోనిస్తే రెండు వారాలు. దూరం చూసి కాదు, దూరానికి లాకుల్ని కలిపి చూసి పథకం వేసుకోవాలి.

నదులు మళ్లీ వేరే లోకం. సోన్ నది ఎంత నెమ్మది అంటే, ఎటు పారుతోందో కంటికి తెలియదని జూలియస్ సీజరే రాసుకున్నాడు. లాకులు తక్కువ, వెడల్పు ఎక్కువ. అదే లియోన్ దాటి రోన్‌లో పడ్డారంటే ప్రవాహం గట్టిగా ఉంటుంది, వేల టన్నుల సరుకు నౌకలతో దారి పంచుకోవాలి. సముద్రం దాకా పన్నెండు పెద్ద లాకులు. వాటిలో బొలెన్ దగ్గర ఎత్తు తేడా 22 మీటర్లకు పైనే, ఏడంతస్తుల మేడంత. చిత్రంగా అంత లాకే కొత్తవాళ్లకు భయం లేనిది. నీళ్లతోపాటు కదిలే కొక్కేలుంటాయి, తాడు వేసి నిలబడితే చాలు. నదితో చిక్కల్లా వరద. వరదొస్తే రేవులోనే కూర్చోవాలి.

కాలువకు మాత్రం వరద కన్నా కరువుతోనే గొడవ. 2022 వేసవిలో ఎండలకు జలాశయాలు అడుగంటి కొన్ని వందల కిలోమీటర్ల కాలువలు మూసేశారు. మొదట పడవల్ని గుంపులుగా దాటిస్తారు, తర్వాత లోతు తగ్గిందని ప్రకటిస్తారు, ఆ తర్వాత శిఖరం మూస్తారు. రెండు పక్కలా లోయల్లో నీళ్లుంటాయి, పడవలు తిరుగుతాయి, మధ్యలో దారి ఉండదు. నీళ్ల ఖర్చు లేకుండా కొండెక్కించే మార్గాలు కనిపెట్టకపోలేదు. మార్న్-రైన్ కాలువ మీద ఆర్జ్‌విలేర్ దగ్గర 1969లో ఒక వాలు లిఫ్టు కట్టారు. పడవను నీళ్ల తొట్టితో సహా పట్టాల మీద పక్కకు జరుపుతూ 44 మీటర్లకు పైగా ఎత్తుతుంది. అవతల బరువులు దిగుతుంటే ఇవతల తొట్టి లేస్తుంది. పదిహేడు లాకుల పనిని కొన్ని నిమిషాల్లో, దాదాపు నీళ్లు పోకుండా చేస్తుంది. అయినా ఇలాంటివి ఊరికొకటి కట్టలేరు కదా. ఇప్పుడు ఉత్తరాన సేన్-నోర్ అనే 107 కిలోమీటర్ల కొత్త కాలువ తవ్వుతున్నారు, 4,400 టన్నుల నౌకల కోసం. దానికి కూడా ముందుగా వేసుకున్న లెక్కల్లో కోటీ నలభై లక్షల ఘనపు మీటర్ల జలాశయం ఒకటుంది. నాలుగొందల ఏళ్లయినా ప్రశ్న అదే.

నీడ కూడా నీళ్ల లెక్కలోదే. మిది కాలువ గట్ల వెంట సుమారు 42 వేల ప్లేన్ అనే పెద్ద నీడ చెట్లుండేవి. గట్లు జారకుండా వేళ్లు పట్టుకునేవి, నీళ్లు ఆవిరి కాకుండా ఆకులు కాపు కాసేవి. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు పట్టింది. మందు లేదు. తెగులు సోకిన చెట్టును, పక్కవాటినీ నరికి కాల్చడమొక్కటే దారి. అలా వేలాది చెట్లు పోయాయి, వేరే జాతులు నాటుతున్నారు. ఆ కాలువలో చెట్టుకు తాడు కట్టి పడవ ఆపడం నిషేధం, తాడు ఒరుసుకున్న గాయాల్లోంచి తెగులు ఎక్కుతుంది. పాత ఫొటోలు చూసి ఆకుపచ్చ గొడుగు కింద పయనమనుకుని వెళ్తే కొన్నిచోట్ల ఎండే ఎదురవుతుంది.

ఇన్ని తెలిశాక ఎక్కడికి, ఎప్పుడు అంటే, నా ఓటు నివెర్నె కాలువకు. ఒకప్పుడు మోర్వాన్ అడవుల కట్టెలు పారిస్ పొయ్యిలకు చేరిన దారి అది. 174 కిలోమీటర్లు పూర్తిగా చేయనక్కర్లేదు, ఒక చివర ఓ వారం చాలు. ఆగస్టులో కాకుండా మే చివర, జూన్‌లో వెళ్లాలి. అప్పటికి చలికాలపు మరమ్మతుల మూసివేతలు అయిపోయి ఉంటాయి, జలాశయాల్లో ఇంకా నీళ్లుంటాయి, లాకుల దగ్గర గుంపులుండవు. బయల్దేరే ముందు రోజు వీఎన్ఎఫ్ ప్రకటనల్లో మీ కాలువ పేరు పక్కన ఏముందో చూసుకోండి. శిఖరం దగ్గర నీటిమట్టం తగ్గిందని ఒక్క ముక్క కనిపించినా, కొండ దాటే ఆలోచన మానుకుని ఇటువైపు లోయలోనే తిరగండి.